కేరళ పంచాంగంలో పండుగలు, వ్రతాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

కేరళ పండుగల తేదీల గురించి, అక్కడి ఉపవాస నియమాల గురించి పాఠకులు రాసిన ఉత్తరాలలో ఎక్కువమంది అడిగిన ప్రశ్నలను ఎంచుకొని ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. ఒకే రకమైన సందేహాలను ఒకచోట కలిపాం.

ప్రశ్న: 2025లో మేము కృష్ణాష్టమిని ఆగస్టు 16న చేసుకున్నాం. కొచ్చిలో కాపురముంటున్న మా అమ్మాయి మాత్రం అక్కడ అష్టమిరోహిణి సెప్టెంబరు 14న అని చెప్పింది. ఒకే దేవుడి పుట్టినరోజుకు ఇంత తేడా ఎలా వచ్చింది? ఎవరో ఒకరు పొరబడ్డారా? (ఒక పాఠకురాలు, అనకాపల్లి)

సమాధానం: ఎవరూ పొరబడలేదు. మీ ఇంటి పంచాంగం చాంద్రమానాన్ని, మీ అమ్మాయి ఉన్న ఊరి పంచాంగం సౌరమానాన్ని అనుసరిస్తాయి. మనకు అమావాస్య వెళ్ళిన మర్నాడు కొత్త నెల మొదలవుతుంది కాబట్టి శ్రావణ బహుళ అష్టమి వస్తే చాలు, ఆకాశంలో సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడన్న విచారణ లేకుండా పండుగ చేసుకుంటాం. కేరళలో నెల మొదలయ్యేది సూర్యుడు రాశి మారినప్పుడు. అందుకే అక్కడి పన్నెండు నెలలకూ రాశుల పేర్లే ఉంటాయి: సింహరాశి నెల చింగం, ఆ తరువాత కన్ని, తులాం, వృశ్చికం, ధను, మకరం, కుంభం, మీనం, మేడం, ఎడవం, మిథునం, చివరగా కర్కిడకం. ఈ పద్ధతిలో అధికమాసం అన్న మాటే లేదు. సూర్యుడి నడక వేసవిలో నెమ్మదిగా, చలికాలంలో వేగంగా కనిపిస్తుంది కాబట్టి మిథునం, కర్కిడకం నెలలకు 31 లేదా 32 రోజులు, వృశ్చికం, ధను నెలలకు 29 లేదా 30 రోజులు వస్తాయి.

అయితే పండుగ విషయంలో చంద్రుడిని వారు పూర్తిగా పక్కన పెట్టలేదు. నెల సూర్యుడిని బట్టి, ఆ నెలలో రోజు చాలావరకు చంద్రుడిని బట్టి నిర్ణయమవుతాయి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే కేరళ పండుగల తేదీలలో కనిపించే గందరగోళం ముప్పాతిక వంతు తొలగిపోతుంది. కొన్ని పండుగలకు నెలలో తేదీయే ప్రధానం, ఉదాహరణకు మేడం 1న విషు, వృశ్చికం 1న శబరిమలలో మండలకాల ఆరంభం. కొన్నింటికి తిథి ప్రధానం, ఏకాదశులు, శివరాత్రి, కర్కిడక అమావాస్య ఈ కోవలోవి. అన్నింటికన్నా ఎక్కువ పండుగలకు నక్షత్రమే ప్రధానం.

మీ ప్రశ్నకు వస్తే, కేరళలో కృష్ణ జయంతికి చింగం నెల, బహుళ అష్టమి, రోహిణి నక్షత్రం కలిసి రావాలి. 2025లో చింగం 1 ఆగస్టు 17న వచ్చింది. అంటే మీరు పండుగ చేసుకున్న ఆగస్టు 16 వారి లెక్కలో ఇంకా కర్కిడకం చివరి రోజే. చింగంలో బహుళ అష్టమి, రోహిణి కలిసి దొరికింది సెప్టెంబరు 14న. మన పంచాంగంలో ఆ రోజు భాద్రపద బహుళ అష్టమి, మహాలయ పక్షం నడుమ. పితృపక్షంలో కృష్ణుడికి ఉయ్యాల ఏమిటని తెలుగువారికి వింతగా తోచవచ్చు గానీ, గురువాయూరులో ఆ సందేహం పుట్టే అవకాశమే లేదు. చాలా సంవత్సరాలలో రెండు లెక్కలూ ఒకే తేదీ దగ్గర కలుస్తాయి. కర్కిడకం, చింగం నెలల సరిహద్దు దగ్గర అష్టమి పడిన సంవత్సరాలలోనే ఈ ఎడం కనిపిస్తుంది.

ప్రశ్న: ఓణం ఒక ఏడాది ఆగస్టులో, ఒక ఏడాది సెప్టెంబరు నడుమ వస్తున్నది. సౌరమానమైతే తేదీ స్థిరంగా ఉండాలి కదా? ఒకే నెలలో తిరువోణం రెండుసార్లు వస్తే ఏది పండుగ? (ఒక పాఠకుడు, నెల్లూరు)

సమాధానం: స్థిరంగా ఉండేది నెల మాత్రమే. ఓణం చింగం నెలలో శ్రవణ నక్షత్రం నాడు, ఆ నక్షత్రాన్నే మలయాళంలో తిరువోణం అంటారు. హస్త నుంచి, అంటే అత్తం నుంచి లెక్కపెడితే పదో రోజు తిరువోణం. ముంగిట పూలతో తీర్చే పూక్కళం అత్తం నాడు మొదలై రోజురోజుకూ పెద్దదవుతుంది. త్రిపుణిత్తురలో అత్తచ్చమయం ఊరేగింపు జరిగేది కూడా ఆ అత్తం రోజునే.

చంద్రుడు ఇరవై ఏడు నక్షత్రాలను చుట్టి రావడానికి 27 రోజులకు కాస్త ఎక్కువ పడుతుంది. చింగం నెలకు 31 రోజులు. కాబట్టి నెల మొదటి మూడు నాలుగు రోజులలో వచ్చిన నక్షత్రం నెలాఖరులో మళ్ళీ వస్తుంది. అటువంటప్పుడు రెండోదాన్ని తీసుకోవడం ఆచారం. 2024లో సరిగ్గా ఇదే జరిగింది. చింగం 1 ఆగస్టు 17న వస్తే, శ్రవణం ఆగస్టు 18, 19 తేదీలలో ఒకసారి వచ్చి వెళ్ళింది. పండుగ మాత్రం రెండో తిరువోణమైన సెప్టెంబరు 15న చేశారు. కేరళలో పుట్టినరోజులకు కూడా ఇదే పద్ధతి: పుట్టిన మలయాళ నెలలో జన్మనక్షత్రం వచ్చిన రోజే పుట్టినరోజు, రెండుసార్లు వస్తే రెండోది.

నక్షత్రం పట్టుకొని వచ్చే ఉత్సవాలు అక్కడ కోకొల్లలు. త్రిశూర్ పూరం మేడంలో పుబ్బ నాడు, తిరువనంతపురంలో ఆట్టుకాల్ పొంగల కుంభంలో పుబ్బ నాడు, చోట్టానిక్కర మకం తొళల్ కుంభంలో మఖ నాడు, కొడుంగల్లూరు భరణి మీనంలో, ఆరన్ముళ పడవ పందెం చింగంలో ఉత్తరాభాద్ర నాడు, మణ్ణారశాల నాగపూజ తులాంలో ఆశ్లేష నాడు. ఈ మణ్ణారశాలలో సర్పదేవతలకు ప్రధాన పూజ చేసేది ఆ కుటుంబంలోని పెద్ద వయసు స్త్రీ. పూజారిణిగా ఆమెను అందరూ అమ్మ అని పిలుస్తారు.

నక్షత్రాన్ని పట్టుకోవడంలో ఒక చమత్కారం ఉంది. సూర్యుడు కుంభంలో ఉన్నప్పుడు అతడికి ఎదురుగా ఉండేది సింహరాశి, పుబ్బ ఆ రాశిలోని నక్షత్రమే. కాబట్టి చంద్రుడు పుబ్బలోకి వచ్చేసరికి దాదాపు పౌర్ణమి అవుతుంది. ఆట్టుకాల్ పొంగల నిండు చంద్రుడి రోజులలో పడడం యాదృచ్ఛికం కాదు. అదే పుబ్బ మేడంలో వస్తే చంద్రుడు శుక్ల నవమి, ద్వాదశి మధ్య ఎక్కడో ఉంటాడు. పంచాంగం చేతిలో లేని రోజులలో కూడా ఆకాశం చూసి పండుగ దగ్గర పడిందో లేదో చెప్పగలిగేవారు.

ప్రశ్న: విషు కేరళవారి ఉగాదియా? 2023లో తమిళులు ఏప్రిల్ 14న సంవత్సరాది చేసుకుంటే మలయాళీలు 15న విషు చేశారు. ఇద్దరిదీ సౌరమానమే కదా? (ఒక పాఠకుడు, చిత్తూరు)

సమాధానం: సూర్యుడు మేషరాశిలో అడుగుపెట్టే సందర్భం కాబట్టి విషు సౌరమాన సంవత్సరాదికి గుర్తే. కాని కేరళలో సంవత్సరం అంకె మారేది విషు నాడు కాదు, చింగం 1న. ఉత్తర మలబారులో పాత వాడుక ప్రకారం కన్ని 1న. అందుకే విషును ఉగాదితో పూర్తిగా సమానం చేయలేం.

ఇక తేదీ తేడాకు కారణం సంక్రమణం జరిగిన గడియ. సూర్యుడు రాశి మారింది సూర్యాస్తమయానికి ముందైతే తమిళులు ఆ రోజునే నెల మొదటి రోజుగా తీసుకుంటారు. కేరళలో పగటిని అయిదు భాగాలు చేసి, మొదటి మూడు భాగాలలో, అంటే సూర్యోదయం నుంచి 18 ఘడియల లోపల సంక్రమణం జరిగితేనే ఆ రోజును ఒకటో తేదీగా లెక్కిస్తారు. సుమారు మధ్యాహ్నం ఒంటిగంట దాటితే నెల మర్నాటికి వెళుతుంది. 2023లో మేష సంక్రమణం ఏప్రిల్ 14 మధ్యాహ్నం ఆ గీత దాటిన తరువాత జరిగింది. అందుకే చెన్నైలో 14, కోళికోడులో 15.

విషుకణి ఏమిటని మరికొందరు అడిగారు. ముందు రాత్రే ఉరుళి అనే వెడల్పాటి కంచు పాత్రలో బియ్యం పోసి, పసుపు పచ్చని దోసకాయ, కొబ్బరికాయ, కొత్త బట్ట, అద్దం, నాణేలు, పుస్తకం అమర్చి, చుట్టూ రేల పూలు పెట్టి కృష్ణుడి ముందు దీపం సిద్ధం చేస్తారు. తెల్లవారకముందే ఇంటి పెద్ద ఒక్కొక్కరినీ కళ్ళు మూసి తీసుకువచ్చి అక్కడ తెరిపిస్తారు. తరువాత పెద్దలు పిన్నలకు డబ్బు ఇస్తారు, అది విషుక్కైనీట్టం. ఇది ఉపవాస దినం కాదు.

ప్రశ్న: కేరళలో ఉపవాసం రోజున గోధుమ వంటకాలు కడుపునిండా తింటారని విన్నాను. అది ఉపవాసం ఎలా అవుతుంది? అక్కడి ముఖ్యమైన వ్రతాలేమిటి? (ఒక పాఠకురాలు, హైదరాబాదు)

సమాధానం: మీరు విన్నది సగం నిజం. అక్కడ వ్రతానికి మెట్లు ఉన్నాయి. ఏమీ తినకుండా ఉండడం పై మెట్టు. ఒక్కపూట మాత్రమే అన్నం తినడాన్ని ఒరిక్కల్ అంటారు, మన ఏకభుక్తం లాంటిదే. అన్నం పూర్తిగా మాని గోధుమ, దుంపలు, పండ్లు తీసుకోవడం మరో మెట్టు. బియ్యమే ప్రధానాహారమైన నేలలో అన్నం మానడమే పెద్ద త్యాగంగా లెక్క. దానికి బదులు మూడు పూటలా గోధుమ పిండివంటలు లాగించడం వ్రతం కాదని అక్కడి పెద్దలు కూడా మందలిస్తూనే ఉంటారు.

ఏకాదశిని తీసుకుంటే మూడు రోజుల పని. దశమి నాడు ఒరిక్కల్, ఏకాదశి నాడు ఉపవాసం, ద్వాదశి ఉదయం తులసి తీర్థంతో పారణ. ఏకాదశి తిథి చివరి పాదాన్ని, ద్వాదశి మొదటి పాదాన్ని కలిపి హరివాసరం అంటారు. ఆ సమయంలో మంచినీళ్ళు కూడా ముట్టని నిష్ఠాపరులున్నారు. పారణ హరివాసరం గడిచిన తరువాతనే. వృశ్చికం శుక్ల ఏకాదశి గురువాయూరు ఏకాదశి. దశమి తెల్లవారుజామున తెరిచిన గుడి తలుపులు ద్వాదశి ఉదయం దాకా మూయరు. ఆ రోజు దేవస్వం, అంటే ఆలయ నిర్వాహక సంస్థ, వడ్డించే ప్రసాద భోజనంలో వరి అన్నానికి బదులు గోధుమ అన్నమే ఉంటుంది. గురువాయూరు కేశవన్ అనే పేరుపొందిన ఏనుగు 1976 డిసెంబరు 2న సరిగ్గా ఈ ఏకాదశి నాడే మరణించింది. ఏకాదశి ఉత్సవాలలో తక్కిన ఏనుగులు వరుసగా వచ్చి దాని విగ్రహం ముందు తొండమెత్తుతాయి. మన ముక్కోటి ఏకాదశి అక్కడ ధను మాసపు స్వర్గవాతిల్ ఏకాదశి. కాబట్టి ఆ వ్రతానికి తెలుగువారు కొత్తగా నేర్చుకోవలసినది తక్కువ.

గురువాయూరులో వృశ్చికం 28 కూడా గుర్తుంచుకోదగిన తేదీ. మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి అనే కవి నారాయణీయం అనే సంస్కృత కావ్యాన్ని పూర్తి చేసిన రోజుగా దానిని పాటిస్తారు. కావ్యం చివరి మాట ‘ఆయురారోగ్యసౌఖ్యం’. అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది లెక్కలో ఆ అక్షరాలకు వరుసగా 0, 1, 2, 2, 1, 7, 1 అంకెలు వస్తాయి. వెనుక నుంచి చదివితే 1712210, అది కలియుగం మొదలైన నాటి నుంచి ఆ రోజుకు గడిచిన దినాల సంఖ్య. ఆశీర్వచనంలోనే తేదీ వేసిన కవి మరొకరు ఉన్నారేమో గానీ, ఇంత పొందికగా వేసినవారు అరుదు.

స్త్రీల వ్రతాలలో ధను మాసపు తిరువాతిర ముఖ్యమైనది. ఆరుద్ర నక్షత్రం నాటి ఈ వ్రతం శివపార్వతులకు సంబంధించినది. ముందు రోజైన మృగశిర నాడు సంతానం కోసం, ఆరుద్ర నాడు భర్త క్షేమం కోసం వ్రతం పడతారు. పెళ్ళికాని పిల్లలు మంచి మొగుడి కోసం పడతారు. తెల్లవారుజామున చెరువులో దిగి, పాటకు తగినట్టు అరచేతులతో నీటిని చరుస్తూ స్నానం చేస్తారు. మృగశిర సాయంత్రం చేసే ఎట్టంగాడి చూడముచ్చటగా ఉంటుంది. పెండలం, కంద, చేమ, చిలగడదుంప, కూర్క అనే చిన్న దుంప, ఇంకా దొరికిన దుంపలను నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, ముక్కలు చేసి బెల్లం పాకంలో కలుపుతారు. ఆరుద్ర నాడు అన్నం ఉండదు. గోధుమతో వండినవి, దుంపలు కలిపిన పుళుక్కు, పాలగుండతో చేసిన పాయసం ఆ రోజు ఆహారం. రాత్రి నిలువెత్తు దీపం చుట్టూ చప్పట్లతో తిరువాతిరక్కళి ఆడి, నడిరేయి దాటాక దశపుష్పాలను తలలో తురుముకుంటారు. తాంబూలం తప్పనిసరి, నూటెనిమిది ఆకులు నమలాలన్న మాట కూడా ఉంది. ఉయ్యాలలు కూడా ఉంటాయి కాబట్టి తెలుగు పాఠకురాళ్ళకు అట్లతద్ది గుర్తుకు రావడం సహజం. సూర్యుడు ధనుస్సులో ఉండగా ఆరుద్ర అతడికి ఎదురు రాశిలో ఉంటుంది గనుక ఆ రాత్రి వెన్నెలకు కొదవ ఉండదు.

తక్కినవి మనకు పరిచయమైనవే: త్రయోదశి సంజెవేళ ప్రదోషం, శుక్ల షష్ఠి నాడు సుబ్రహ్మణ్యుడికి (అందులో తులాం షష్ఠి విశేషం), సోమవార వ్రతం, మకరంలో పుష్యమి నాడు తైప్పూయం.

ప్రశ్న: మేము కార్తికమాసం మొదట్లో మాల వేసుకుంటాం. మండలకాలం వృశ్చికంలో మొదలవుతుందంటారు. మా నలభై ఒక్క రోజులు చెల్లవా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

సమాధానం: నిస్సందేహంగా చెల్లుతాయి. దర్శనానికి ముందు నలభై ఒక్క రోజుల నియమం ఉండాలన్నది దీక్షకు సంబంధించిన విషయం. వృశ్చికం 1 నుంచి మండలకాలం అన్నది శబరిమల ఆలయ ఉత్సవ కాలానికి సంబంధించిన విషయం. కేరళలో ఎక్కువమంది వృశ్చికం 1న మాల వేసుకుంటారు కాబట్టి రెండూ ఒకటే అన్న భావన ఏర్పడింది. 2025లో మన కార్తికం అక్టోబరు 22న మొదలైంది, వృశ్చికం 1 నవంబరు 17న వచ్చింది. కార్తికం తొలిరోజున మాల వేసినవారికి డిసెంబరు 1కి నలభై ఒకటి నిండాయి, అప్పటికి ఆలయం తెరిచే ఉంది. చూసుకోవలసినది ఇరుముడితో బయలుదేరే రోజును గానీ మాల వేసిన రోజును కాదు.

ఆలయం తలుపులు వృశ్చికం 1కి ముందు సాయంత్రం తెరుస్తారు. నలభై ఒకటో రోజు మండలపూజ, అది డిసెంబరు 26 లేదా 27న పడుతుంది. దానికి ముందు రోజు ఆరన్ముళ నుంచి తంగ అంగి, అంటే అయ్యప్పకు తొడిగే బంగారు అంగి, సన్నిధానం చేరుతుంది. కొద్ది రోజుల విరామం తరువాత మకర సంక్రమణం నాటి మకరవిళక్కు ఉత్సవం కోసం మళ్ళీ తెరుస్తారు. పందళం నుంచి కాలినడకన వచ్చే తిరువాభరణాల పేటికలకు దారి మూడు రోజులు. మకరవిళక్కు సాధారణంగా జనవరి 14న, సంక్రమణం ఆలస్యమైన 2024 లాంటి సంవత్సరాలలో 15న. రద్దీ వద్దనుకునేవారికి ప్రతి మలయాళ నెల మొదటి అయిదు రోజులూ ఆలయం తెరిచే ఉంటుంది. మా సలహా అడిగితే, తొలిసారి వృద్ధులను తీసుకువెళ్ళేవారికి అవే మేలు.

ప్రశ్న: కర్కిడకంలో శుభకార్యాలు చేయరా? ఆ నెల అమావాస్య నాడు మేము కూడా పిండప్రదానం చేయవచ్చా? (ఒక పాఠకుడు, కర్నూలు)

సమాధానం: చేయరు. జడివానల నెల, పూర్వం పొలం పని లేక గాదె అడుగంటే నెల. మన ఆషాఢం లాగా పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు వాయిదా వేస్తారు. దాని బదులు నెల పొడవునా సాయంత్రం దీపం పెట్టి మలయాళ కవి ఎళుత్తచ్ఛన్ రాసిన అధ్యాత్మ రామాయణాన్ని రోజుకు కొంత చొప్పున చదివి నెలాఖరుకు ముగిస్తారు. రాముడికి త్రిప్రయార్, భరతుడికి ఇరింజాలకుడ, లక్ష్మణుడికి మూళిక్కుళం, శత్రుఘ్నుడికి పాయమ్మల్, ఈ నాలుగు గుళ్ళనూ ఒకే రోజున దర్శించే నాలంబలం యాత్ర కూడా ఈ నెలలోనే.

కర్కిడక వావు, అంటే ఆ నెల అమావాస్య, పితృదేవతలది. ముందు రోజు ఒరిక్కల్ ఉండి, తెల్లవారుజామున స్నానం చేసి, తడిబట్టలతోనే దర్భ, నువ్వులు, అన్నంతో బలి పెడతారు. ఆ తరువాత తడిచేతులతో చప్పట్లు కొట్టి కాకులను పిలుస్తారు. వర్కల పాపనాశం, తిరునెల్లి పాపనాశిని, ఆలువ మణప్పురం ఇందుకు పేరుపడ్డ చోట్లు. అక్కడికి వెళ్ళిన తెలుగువారు బలి పెట్టడానికి అభ్యంతరమేమీ లేదు. అయితే మీ ఇంటి ఆబ్దికాన్ని, మహాలయాన్ని అది భర్తీ చేయదు. వాటిని మీ తిథికే పెట్టుకోవాలి.

ప్రశ్న: మా తాతగారు పాలక్కాడులో ఉద్యోగం చేసిన కాలంనాటి కాగితంలో ‘1122 మకరం’ అని ఉంది. అది ఏ సంవత్సరం? (ఒక పాఠకురాలు, విజయవాడ)

సమాధానం: అది కొల్లవర్షం. ఈ శకం క్రీ.శ. 825లో మొదలైంది. చింగం నుంచి డిసెంబరు నెలాఖరు దాకా వచ్చే తేదీలకు 824, జనవరి నుంచి కర్కిడకం ముగిసేదాకా వచ్చే తేదీలకు 825 కలపాలి. మకరం జనవరి నడుమ మొదలవుతుంది కాబట్టి 1122కు 825 కలిపితే 1947. మీ కాగితం 1947 జనవరి, ఫిబ్రవరి నెలలది. అదే కట్టలో చింగం నెల కాగితాలుంటే మాత్రం అవి ఏ ప్రాంతంలో రాసినవో చూసుకోండి. ఉత్తర మలబారు లెక్కలో చింగానికి ఇంకా పాత సంవత్సరం అంకే ఉంటుంది.